ఏది కుడి, ఏది ఎడమ: కాంతి తేల్చిన లెక్క

పత్తి గింజను బ్లేడుతో అడ్డంగా కోస్తే లోపలి పప్పు నిండా సన్నని నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గ్రంథులు. వాటిలో గాసిపాల్ అనే పసుపుపచ్చ పదార్థం ఉంటుంది. పురుగుల నుంచి, తెగుళ్ల నుంచి కాపాడుకోవడానికి మొక్క తయారుచేసుకునే విషం అది. గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో గేదెలకు పత్తి చెక్క పెట్టడం మామూలే. నెమరువేసే పశువుల పొట్టలో గాసిపాల్ చాలావరకు ప్రోటీన్లకు అంటుకుపోయి దాని విషం విరిగిపోతుంది. కోళ్లకు, పందులకు, చేపలకు ఆ వీలు లేదు. మేతలో గాసిపాల్ మితిమీరితే కోళ్లు ఎదగవు, గుడ్డులోని పచ్చసొన రంగు మారిపోతుంది. వంటకు వాడే పత్తిగింజల నూనె నుంచి మాత్రం మిల్లులో క్షారంతో శుద్ధి చేసేటప్పుడే గాసిపాల్‌ను తీసేస్తారు.

ఆ శుద్ధి జరగకపోతే ఏమవుతుందో 1950లలో చైనాలో కొన్ని పల్లెలు చూశాయి. ముడి పత్తిగింజల నూనెతో వండుకుతిన్న ఇళ్లలో పిల్లలు పుట్టడం ఆగిపోయింది. కారణం గాసిపాల్ అని తేలాక చైనా శాస్త్రవేత్తలు దాన్ని మగవారి గర్భనిరోధక మాత్రగా పరీక్షించారు. 1970లలో మొదలైన ఆ పరీక్షల్లో 8,000 మందికి పైగా మగవారు పాల్గొన్నారు. మాత్ర పనిచేసింది. కానీ కొందరికి ఒంట్లో పొటాషియం పడిపోయి కండరాలు చచ్చుబడ్డాయి. మరికొందరికి మందు మానేసినా సంతాన శక్తి తిరిగి రాలేదు. చివరికి ఆ ప్రయత్నాన్ని వదిలేయాల్సి వచ్చింది.

ఈ వ్యవహారంలో ఒక చిక్కుముడి దాగి ఉంది. పరీక్షించింది ఒక్క పదార్థాన్ని కాదు, రెండింటిని. రెండిటికీ ఒకే ఫార్ములా: 30 కార్బన్లు, 30 హైడ్రోజన్లు, 8 ఆక్సిజన్లు. ఒకే అమరిక, ఒకే బరువు. తేడా అల్లా ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. 1980లలో ఈ రెండు రూపాలను విడదీసి జంతువుల మీద ప్రయోగించినప్పుడు వీర్యకణాల ఉత్పత్తిని ఆపేది మైనస్ రూపమేననీ, ప్లస్ రూపానికి ఆ శక్తి లేదనీ తేలింది.

సరే, ఆ మైనస్ రూపం చూడటానికి ఎలా ఉంటుంది? దాని అణువులో ఏ ముక్క ఎటు తిరిగి ఉంది? ఈ ప్రశ్నకు జవాబే పరమ విన్యాసం. రసాయన శాస్త్రవేత్తలు ఆబ్సల్యూట్ కాన్ఫిగరేషన్ అంటారు. రెండు రూపాలున్నాయని కనిపెట్టడం ఒక పని, వాటిని విడదీయడం ఇంకో పని. చేతిలో ఉన్నది ఏ రూపమో చెప్పడం ఈ రెండిటికీ సంబంధం లేని మూడో పని. ఇంతటి ప్రాథమిక ప్రశ్నకు జవాబు దొరకడానికి రసాయన శాస్త్రానికి ఒక శతాబ్దం పైనే పట్టింది.

గుమ్మం ముందు విప్పిన చెప్పుల జతను చూడండి. రెండూ ఒకే కొలత, ఒకే తోలు, ఒకే బరువు. అయినా ఎడమ చెప్పు కుడికాలికి పట్టదు. ఇలా తన ప్రతిబింబంతో సరిపోలని అణువును కైరల్ అణువు అంటారు. మన ఒంట్లోని ప్రోటీన్లు కూడా కైరల్ అణువులే, అవీ ఒకే వాటంలో తయారై ఉన్నాయి. అందువల్ల లోపలికి వెళ్లిన మందు గానీ విషం గానీ ఏ వాటంలో ఉందన్నదాన్ని బట్టి అది చేసే పని మారిపోతుంది.

చాలా అణువుల్లో ఈ గుణం నాలుగు వేర్వేరు సమూహాలను మోస్తున్న కార్బన్ వల్ల వస్తుంది. గాసిపాల్‌లో అలాంటి కార్బన్ ఒక్కటీ లేదు. అందులో రెండు ఒకేరకం నాఫ్తలీన్ ముక్కలు ఒక్క బంధంతో కలిసి ఉంటాయి. ఆ బంధం చుట్టూ ముక్కలు స్వేచ్ఛగా తిరగకుండా పక్కనున్న సమూహాలు అడ్డుపడతాయి. దాంతో ఒక ముక్క రెండోదానికి దాదాపు అడ్డంగా, ఒక పక్కకు మెలితిరిగి ఆగిపోతుంది. మెలిక ఇటైతే ఒక రూపం, అటైతే రెండోది.

పత్తి గింజలో రెండు రూపాలూ కలిసే ఉంటాయి. మన దేశంలో ఎక్కువగా పండే అమెరికన్ జాతి పత్తిలో ప్లస్, మైనస్ రూపాల పాలు సుమారు 3:2. రెండూ కలిసి ఉండటంతో ఒకదాని ప్రభావాన్ని మరొకటి కప్పేస్తూ వచ్చింది. అసలు గాసిపాల్‌కు ఇలా రెండు రూపాలుంటాయని గట్టిగా తెలిసింది పత్తి నుంచి కాదు, దాని బంధువు నుంచి. మన ఊళ్లలో నీడ కోసం పెంచే గంగరావి చెట్టు కూడా పత్తి కుటుంబానిదే. ఆ చెట్టులో ఉన్నది దాదాపు పూర్తిగా ప్లస్ రూపమేనని 1968లో బయటపడింది.

ఇంతకీ ఈ ప్లస్, మైనస్ ఏమిటి? మామూలు కాంతి తరంగాలు అన్ని దిక్కుల్లోనూ కంపిస్తాయి. వాటిని ఒకే తలానికి పరిమితం చేసి కైరల్ పదార్థం గుండా పంపితే ఆ తలం పక్కకు తిరుగుతుంది. కుడికి తిరిగితే ప్లస్, ఎడమకైతే మైనస్. టర్పెంటైన్ వంటి సేంద్రియ ద్రవాలకు ఈ గుణం ఉందని 1815లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ బాప్టిస్ట్ బియో కనిపెట్టారు. 1848లో లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను భూతద్దం కింద పరిశీలించి, ఒకదానికొకటి ప్రతిబింబంలా ఉన్న రెండు రకాలను చేత్తో ఏరి వేరుచేశారు. ఒక కుప్ప కాంతిని కుడికి తిప్పింది, రెండోది ఎడమకు. అప్పటికి పాశ్చర్ వయసు 25.

కాంతి ఎటు తిరిగిందో తెలిస్తే అణువు ఎటు తిరిగి ఉందో తెలిసిపోయినట్టే కదా అనిపిస్తుంది. అలా తెలియదు. ఇది చాలామంది పొరబడే చోటు కనుక ఇంట్లో మందుల డబ్బానే సాక్ష్యానికి తెచ్చుకోవచ్చు. తుమ్ములకు, దురదలకు వేసుకునే లెవోసెటిరిజిన్, ఇన్ఫెక్షన్లకు రాసే లెవోఫ్లాక్సాసిన్, రెండింటి పేర్లలోనూ లెవో ఉంది. రెండూ కాంతిని ఎడమకే తిప్పుతాయి. కానీ అణువు ఆకారంలో మొదటిది ఆర్ రూపం, రెండోది ఎస్ రూపం. ఈ ఆర్, ఎస్ అక్షరాలు కార్బన్ చుట్టూ సమూహాలు ఏ వరుసలో అమరి ఉన్నాయో చెప్పే గుర్తులు. కాన్, ఇంగోల్డ్, ప్రెలోగ్ అనే ముగ్గురు కలిసి పెట్టిన నియమాలవి. ప్లస్, మైనస్‌లను యంత్రం నేరుగా కొలిచి చెబుతుంది. ఆర్, ఎస్‌లను అలా కొలవలేము.

1891లో జర్మన్ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్‌కు ఎదురైన గోడ ఇదే. గ్లూకోజ్‌లో నాలుగు కైరల్ కార్బన్లు ఒకదానితో ఒకటి పోలిస్తే ఎలా అమరి ఉన్నాయో ఆయన అద్భుతమైన తర్కంతో తేల్చారు. కానీ ఆ మొత్తం బొమ్మ అసలుదా, దాని ప్రతిబింబమా అని చెప్పే సాధనం ఆ రోజుల్లో భూమ్మీద లేదు. ఫిషర్ ఒకదాన్ని ఎంచుకుని అలాగే గీశారు. ఒప్పు కావడానికీ తప్పు కావడానికీ సమానమైన అవకాశం ఉంది. తర్వాత 60 ఏళ్లపాటు చక్కెరలు, అమైనో ఆమ్లాలు, ఎన్నో మొక్కల రసాయనాల బొమ్మలను ఆ ఊహకు ముడిపెట్టి గీస్తూ వెళ్లారు.

1951లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ బైఫూట్, ఆయన సహచరులు సోడియం రుబీడియం టార్ట్రేట్ స్ఫటికంలోకి ఎక్స్‌రేలు పంపారు. మామూలుగా ఎక్స్‌రేలకు అణువుకూ దాని ప్రతిబింబానికీ తేడా తెలియదు. కానీ వాళ్లు వాడింది జిర్కోనియం నుంచి వచ్చే ఎక్స్‌రేలు. వాటి శక్తి రుబీడియం పరమాణువును కదిలించడానికి సరిగ్గా సరిపోతుంది. దాంతో రుబీడియం నుంచి చెదిరిన కిరణాల్లో చిన్న తేడా వచ్చి, కుడి ఎడమలు విడిపోయాయి. ఫిషర్ ఊహ సరైనదని తేలింది. అది తప్పయి ఉంటే పాఠ్యపుస్తకాల్లో లెక్కలేనన్ని బొమ్మలను తిరగగీయాల్సి వచ్చేది. ఫిషర్ ఆ ఫలితం చూడలేదు. 1919లోనే ఆయన చనిపోయారు.

ఎక్స్‌రే పద్ధతి నేటికీ ప్రామాణికమే. అయితే దానికి మంచి స్ఫటికం కావాలి. ఆకుల నుంచి, వేళ్ల నుంచి, సముద్రపు స్పంజికల నుంచి నెలల తరబడి శ్రమించి తీసిన పదార్థం చాలాసార్లు కొద్ది మిల్లీగ్రాముల జిగురుగానో నూనెగానో మిగులుతుంది, స్ఫటికంగా మారనని మొండికేస్తుంది. స్ఫటికం దొరికినా, అణువులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ వంటి తేలిక పరమాణువులు మాత్రమే ఉంటే కుడి ఎడమల తేడా చాలా బలహీనంగా కనిపిస్తుంది. ఇలాంటి చోట స్పెక్ట్రోస్కోపీ అక్కరకొస్తుంది.

రసాయన ప్రయోగశాలల్లో రోజూ వాడే ఎన్ఎంఆర్ యంత్రం కూడా ప్రతిబింబ రూపాలను వేరుచేసి చూడలేదు. రెండిటికీ ఒకే స్పెక్ట్రమ్ ఇస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో హ్యారీ మోషర్ దీనికి 1973లో ఒక ఉపాయం చెప్పారు. రూపం ముందే తెలిసిన ఒక కైరల్ ఆమ్లాన్ని తీసుకుని మనకు తెలియని ఆల్కహాలుకు తగిలించాలి. ఒకసారి ఆ ఆమ్లపు ఆర్ రూపాన్ని, ఇంకోసారి ఎస్ రూపాన్ని. అప్పుడు తయారయ్యే రెండు ఎస్టర్లు ఒకదానికొకటి ప్రతిబింబాలు కావు. ఆమ్లంలోని బెంజీన్ వలయం తన ఎదురుగా ఉన్న హైడ్రోజన్ల సంకేతాలను కొంచెం జరుపుతుంది. ఏ ఎస్టర్‌లో ఏ హైడ్రోజన్లు జరిగాయో పోల్చి చూస్తే అసలు ఆల్కహాలు ఏ వాటంలో ఉందో లెక్కకు అందుతుంది. 1991లో జపాన్ శాస్త్రవేత్తలు సముద్రజీవుల టెర్పీన్ల కోసం ఈ పద్ధతిని మెరుగుపరిచాక సహజ పదార్థాల పరిశోధకులకు అది నిత్యం వాడే సాధనమైంది. కాకపోతే ఆమ్లాన్ని తగిలించడానికి అణువులో అనువైన చోటు ఉండాలి.

కాంతినే నేరుగా అడిగే దారి ఇంకొకటుంది. కాంతిని ముందుకు సాగుతూ మరమేకు మరలా కుడికి గానీ ఎడమకు గానీ తిరిగేలా చేయవచ్చు. దీన్ని వృత్తీయ ధ్రువిత కాంతి అంటారు. కైరల్ అణువు ఈ రెంటిలో ఒకదాన్ని మరోదానికంటే ఒక పిసరు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఈ సంగతి 1895లో ఫ్రాన్స్‌లో ఏమే కొట్టాన్ గమనించారు. ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గర ఆ తేడా ఎంతో కొలిచి గీస్తే గుట్టలు, లోయలతో ఒక గీత వస్తుంది. ప్రతిబింబ రూపానికి అదే గీత తలకిందులుగా వస్తుంది. ఈ పరీక్షను సర్క్యులర్ డైక్రోయిజం, పొట్టిగా సీడీ అంటారు. ఒక మిల్లీగ్రాము కంటే తక్కువ పదార్థం ఉన్నా చాలు.

అయితే గీత చూడగానే ఇది ఫలానా రూపమని చెప్పేయలేము. ఒక గీత, దాని తలకిందుల గీత కలిసి మన దగ్గర రెండు రూపాలున్నాయని మాత్రమే చెబుతాయి. ఏ గీత దేనిదో తేల్చడానికి గీతకూ ఆకారానికీ మధ్య వంతెన కావాలి. కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్త కోజి నకనీషీ, ఆయన సహచరుడు నొబుయుకి హరాదా అలాంటి వంతెన ఒకటి కట్టారు. అణువులో కాంతిని బాగా పీల్చే భాగాలు రెండుంటే అవి ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకుంటాయి. ముందున్న దాని నుంచి వెనకున్న దానికి గడియారపు ముల్లు తిరిగే దిక్కులో మెలిక ఉంటే, పొడవు తరంగదైర్ఘ్యం వైపు గుట్ట, పొట్టి వైపు లోయ వస్తాయి. ఎదురు దిక్కులో మెలిక ఉంటే ఇవి తారుమారవుతాయి. ఇది భౌతికశాస్త్ర సూత్రం నుంచి వచ్చిన నియమం కాబట్టి దీన్ని నమ్మవచ్చు. రెండు నాఫ్తలీన్ ముక్కలు మెలితిరిగి ఉన్న గాసిపాల్ ఈ తరహా విశ్లేషణకు అతికినట్టు సరిపోయే అణువు. 1988లో చైనా, జర్మనీ శాస్త్రవేత్తలు దాని పరమ విన్యాసాన్ని సీడీ ఆధారంగా ప్రకటించారు. ప్లస్ గాసిపాల్ ఎస్ రూపం, మైనస్ గాసిపాల్ ఆర్ రూపం.

అతినీలలోహిత కాంతినో, కంటికి కనిపించే కాంతినో పీల్చే భాగం లేని అణువుల సంగతి? అలాంటివి సహజ పదార్థాల్లో బోలెడున్నాయి. వాటికి పరారుణ కాంతి దారి చూపింది. ఏ అణువులోనైనా బంధాలు కంపిస్తూనే ఉంటాయి, పరారుణ కాంతిని పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకని సీడీని పరారుణంలో కొలిస్తే ప్రతి కైరల్ అణువూ జవాబు చెప్పాల్సిందే. చిక్కల్లా తేడా మరీ సన్నం కావడమే. మొత్తం పీల్చుకున్న కాంతిలో అది పదివేలలో ఒక వంతు, ఒక్కోసారి లక్షలో ఒక వంతు. 1970లలో షికాగోలో జార్జ్ హోల్జ్‌వార్త్ బృందం, ఆ వెంటనే దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫిలిప్ స్టీఫెన్స్, లారెన్స్ నేఫీ దాన్ని కొలిచి చూపించారు. కంపనాల సీడీ కనుక దీనికి వీసీడీ అని పేరు.

కొలవడం సగం పని. మిగిలిన సగం కంప్యూటర్‌ది. 1985లో స్టీఫెన్స్ అందించిన సిద్ధాంతంతో ఒక అణువు వీసీడీ ఎలా ఉండాలో క్వాంటం సూత్రాల నుంచి ముందే లెక్కగట్టడం సాధ్యమైంది. పద్ధతి ఇలా సాగుతుంది. పదార్థం ఆర్ రూపంలో ఉందని అనుకుంటారు. అణువు ఒక్క ఆకారంలో నిలకడగా ఉండదు, బంధాల దగ్గర అటూ ఇటూ తిరుగుతుంది. సాధ్యమైన భంగిమలన్నీ వెతికి, ఒక్కోదానికి స్పెక్ట్రమ్ లెక్కించి, ఏ భంగిమలో ఎన్ని అణువులుంటాయో ఆ పాళ్లలో కలుపుతారు. వచ్చిన గీతను యంత్రం ఇచ్చిన గీత పక్కన పెడతారు. గుట్టకు గుట్ట, లోయకు లోయ సరిపోతే అనుకున్నదే నిజం. అన్నీ తలకిందులైతే ఉన్నది రెండో రూపం. మొక్క నుంచి తీసిన పదార్థానికి ఏ ఆమ్లమూ తగిలించనక్కర్లేదు, స్ఫటికం కట్టించనక్కర్లేదు. ద్రావణిలో కలిపి గంటల తరబడి యంత్రంలో ఉంచితే చాలు. పరీక్ష అయ్యాక పదార్థాన్ని చెక్కుచెదరకుండా వెనక్కి తీసుకోవచ్చు. కొన్ని మిల్లీగ్రాములే చేతికొచ్చిన పరిశోధకుడికి అది ఎంత ఊరటో ప్రయోగశాలలో పనిచేసినవాళ్లకు తెలుసు.

2003లో అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుంచి టెరీసా ఫ్రీడ్‌మన్, నేఫీ, బ్రెజిల్ పరిశోధకులతో కలిసి గాసిపాల్‌ను ఈ పరీక్షకు పెట్టారు. 1988 నాటి ఫలితాన్ని వేరే రకం కాంతి, వేరే రకం లెక్క మళ్లీ బలపరిచాయి. ఆ మధ్యలో 1990ల చివర కొలరాడోలో ఎ. ఐ. మేయర్స్ ప్లస్ గాసిపాల్‌ను ప్రయోగశాలలో ఎస్ రూపంగా సంశ్లేషించారు. మూడు వేర్వేరు దారులు ఒకే చోటికి చేరాయి.

ఒక్క దారిని నమ్ముకోవద్దని గట్టిగా చెప్పినవారిలో పోలవరపు ప్రసాద్ ఒకరు. మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసి, అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన ఈ రంగంలో ప్రపంచం గుర్తించిన నిపుణుడు. కాంతిని అణువు ఎటు, ఎంత తిప్పుతుందో క్వాంటం సూత్రాల నుంచి లెక్కించి దాని ద్వారా పరమ విన్యాసం చెప్పవచ్చని 1997లో ఆయన చూపించారు. బియో, పాశ్చర్ కొలిచిన ఆ పాత ప్లస్, మైనస్‌లకు ఇన్నాళ్లకు ఆకారంతో నేరుగా లంకె దొరికింది. అదే ఏడు గ్లాస్గోకు చెందిన లారెన్స్ బ్యారన్, మరికొందరితో కలిసి, రామన్ కాంతి చెదరింపులోని ఎడమ కుడి తేడాతో బ్రోమోక్లోరోఫ్లోరోమీథేన్ విన్యాసాన్ని తేల్చారు. ఒక్క కార్బన్, దాని చుట్టూ నాలుగు పరమాణువులు మాత్రమే ఉన్న ఈ అణువు కైరాలిటీ పాఠానికి పుస్తకాల్లో పాత ఉదాహరణ. ఉదాహరణగా ఎన్నాళ్లు వాడుకున్నా దాని అసలు వాటం అప్పటిదాకా గట్టిగా తెలియదు.

కాంతి భ్రమణం, సీడీ, వీసీడీ, రామన్ పద్ధతుల్లో ఏ ఒక్కదాన్నో కాక ఒకటికి మించి కలిపి వాడాలని ప్రసాద్ 2008లో ఒక వ్యాసంలో వాదించారు. ఆ పట్టుదలకు కారణం ఉంది. మెత్తగా వంగే పొడవాటి అణువులకు పదుల కొద్దీ భంగిమలుంటాయి. వాటి పాళ్లు లెక్కగట్టడంలో చిన్న పొరపాటు జరిగినా, ద్రావణితో హైడ్రోజన్ బంధాలు ఏర్పడే సంగతి మరిచినా, లెక్కించిన గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కు దొర్లిపోవచ్చు. అణువు గుణగణాలన్నీ సరిగ్గా రాసి కుడి ఎడమలు మాత్రం తారుమారు చేస్తే, ఆ కాగితం నమ్మి మందు తయారుచేయబోయేవారు ఏళ్ల పనిని పోగొట్టుకుంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1992లోనే కైరల్ మందుల విషయంలో ఒక్కో రూపాన్ని గురించి కంపెనీలు తెలుసుకుని తీరాలని విధానం ప్రకటించింది.

మైనస్ గాసిపాల్ తర్వాత మరో రంగంలో తేలింది. క్యాన్సర్ కణాలను చావకుండా కాపాడే కొన్ని ప్రోటీన్లకు అది అడ్డుపడుతుందని గమనించి, ఆర్ రూపాన్ని ఏటీ-101 పేరుతో రోగుల మీద పరీక్షించారు. మందుగా అనుమతి దాకా అది రాలేదు.

పత్తి చేనుకు సంబంధించిన పరిశోధన వేరే దారిలో సాగుతోంది. మొక్కలో డిరిజెంట్ అనే ప్రోటీన్లు రెండు నాఫ్తలీన్ ముక్కలను ఏ మెలికతో కలపాలో నిర్దేశిస్తాయి. అందువల్లే ఒక్కో రకం పత్తిలో ప్లస్, మైనస్‌ల పాళ్లు ఒక్కోలా ఉంటాయి. ఈజిప్షియన్, పీమా రకాలున్న జాతిలో మైనస్ కాస్త ఎక్కువ. బ్రెజిల్‌కు చెందిన మోకో పత్తి గింజల్లో కొన్నిటిలో ప్లస్ రూపం 95 శాతం దాటుతుంది. బ్రాయిలర్ కోళ్ల ఎదుగుదలను ఎక్కువగా దెబ్బతీసేది మైనస్ రూపమేనని మేత ప్రయోగాల్లో తేలడంతో, టెక్సాస్‌లోని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మోకోను వాణిజ్య రకాలతో సంకరం చేసి ప్లస్ ఎక్కువగా ఉండే గింజల కోసం ప్రయత్నించారు. ఆకుల్లో, కాండంలో గాసిపాల్ అలాగే ఉండి మొక్కను పురుగుల నుంచి కాపాడుతుంది. గింజలో మాత్రం కోళ్లకు తక్కువ హాని చేసే రూపం మిగులుతుంది.